చర్మము చెప్పు మాట వినవలెను

వేసవి సెలవులకు పూర్వము మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలుడొకడు, ఎండ నిప్పులు చెరుగుచున్నను చొక్కా చేతులను మణికట్టువరకు దించుకొని కూర్చుండెడివాడు. అతని ముంజేతిమీద పావలా బిళ్లంత పాలిపోయిన మచ్చ యొకటి యుండెను. అది తోటిబాలుర కంటబడిన దినమునుండి బల్లమీద అతని ప్రక్కను కూర్చుండువారు కరవైరి. తల్లి దిగులుపడి, ఎవరో చెప్పిన మాట విని, అంగడిలో లేపనము కొని నాలుగు నెలలు రాచెను. మచ్చ తగ్గలేదు. తుదకు ఉపాధ్యాయులొకరు అతనిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోయిరి. వైద్యుడు బాలుని కన్నులు మూసికొమ్మని, దూదిపోచతో చేతిని అక్కడక్కడ తాకి, ఎచ్చట తాకితినో వ్రేలితో చూపుమనెను. మచ్చమీద తాకినప్పుడెల్ల బాలుడు చూపలేకపోయెను. అది కుష్ఠువ్యాధియొక్క తొలిదశ. ఆరునెలలు మాత్రలు మ్రింగవలెననియు, అవి ఉచితముగా దొరకుననియు, వ్యాధి సంపూర్ణముగా నయమగుననియు వైద్యుడు చెప్పెను. అట్లే జరిగినది. ఇప్పుడా బాలుడు చేతులు పైకి మడిచి బంతియాడుచున్నాడు.

ఈ సంగతిని మేము ఎవరినో నిందించుటకు వ్రాయుటలేదు. నాలుగు నెలలు ఆ మచ్చను చూచుచుండియు ఒక్కమాటైన అడుగనివారిలో మేమును ఉంటిమి. మా మౌనమునకు కారణమేమని విచారింపగా మాకు తోచినదిది: చర్మము అందచందములకు సంబంధించినదనియు, దానిలో లోపమున్నచో చూడనట్లు ఊరకుండుట మర్యాద యనియు మనము తలంచుచున్నాము. ఆ తలంపు తప్పు. చర్మము లోపలి దేహము బయటకు పంపు వార్త. దానిని కప్పిపుచ్చరాదు, చదువవలెను. ఈ మాటను విద్యార్థులకును, తల్లిదండ్రులకును, బోధకవర్గమునకును విన్నవించుటకే ఈ వ్యాసము.

మొదట చర్మమనగా నేమో కొంచెము తెలిసికొందము. పెరిగిన మనుష్యుని చర్మమును పరచినచో సుమారు ఒకటిన్నర మొదలు రెండు చదరపు మీటర్లుండును. దాని పైపొరలోని కణములు అడుగున పుట్టి, మెల్లమెల్లగా పైకి వచ్చి, ఎండి, సుమారు నాలుగు వారములలో రాలిపోవును. కావున నేడు అద్దములో కనబడు చర్మము, గడచిన నెలలో మనము తిన్న తిండిచేతను, త్రాగిన నీటిచేతను, పడిన శ్రమచేతను కట్టబడినదని చెప్పవచ్చును. ఈ కట్టడమునకు సామగ్రి లోపలనుండియే రావలెను గాని, పైన పూసిన పూతవలన రాదు. పూత గోడకు సున్నము వంటిది. గోడ కట్టునది ఇటుక.

ఇక రంగును గూర్చి. రంగును తయారుచేయు కణములు తెల్లవారికిని నల్లవారికిని లెక్కకు ఇంచుమించు సమానమే. అవి చేయు మెలనిన్ అను పదార్థము యొక్క పరిమాణములోను రకములోను మాత్రమే భేదము కలదు. ఆ మెలనిన్ సూర్యుని అతినీలలోహిత కిరణములను అడ్డగించి లోని కణములను కాపాడును. అనగా మన పరిగి ఎండలో చేలు దున్ను రైతు నల్లదనము లోపము గాదు. ప్రకృతి అతనికిచ్చిన గొడుగు.

చర్మము లోపలి వార్తను ఎట్లు తెలుపునో చూపుటకు పెలాగ్రా అను వ్యాధి చరిత్రకు మించిన దృష్టాంతము లేదు. ఈ వ్యాధిలో మెడచుట్టు హారమువలెను, చేతులకు తొడుగులవలెను, ఎండ సోకిన చోట్ల చర్మము నల్లబడి, పగిలి, పొలుసులు రేగును. పిమ్మట విరేచనములు పట్టుకొనును. పిదప మతి చలించును. చికిత్స లేనిచో మరణము సంభవించును. 1735లో స్పెయిన్ దేశపు వైద్యుడు గాస్పర్ కసాల్ మొక్కజొన్నయే ముఖ్యాహారముగా గల నిరుపేద కృషీవలులలో దీనిని కనిపెట్టి వర్ణించెను. 1771లో ఇటలీ దేశపు వైద్యుడు ఫ్రాపొల్లి దీనికి పెలాగ్రా యను పేరు వ్యాప్తిలోనికి తెచ్చెను. ఇటాలియను భాషలో దానికి గరుకు చర్మమని యర్థము. దాదాపు రెండువందల సంవత్సరములు ఇది అంటువ్యాధి యని కొందరును, చెడిన ధాన్యపు విషమని కొందరును వాదించిరి.

అమెరికాలో 1914లో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అను వైద్యుడు ఈ పరిశోధనకు నియుక్తుడయ్యెను. అనాథశాలలలో బాలబాలికలకు ఈ వ్యాధి వచ్చుచుండగా, వారిని సాకు దాదులకు రాకుండుట ఆయన గమనించెను. అంటువ్యాధియైనచో దాదులను విడుచునా? ఆయన ఆ పిల్లల భోజనములో పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడు జాతి గింజలు చేర్పించెను, వ్యాధి మాయమయ్యెను. అయినను నమ్మనివారిని నమ్మించుటకై 1916లో ఆయనయు, ఆయన సహచరులును, ఆయన భార్యయు వ్యాధిగ్రస్తుల రక్తమును తమ శరీరములలోనికి ఎక్కించుకొనిరి. ఎవరికిని పెలాగ్రా రాలేదు. ఆయన 1929లో గతించెను. ఆ ఆహారములలోని గుణకారి నియాసిన్ అను బి విటమిను అని 1937లో ఎల్వెహెమ్ అను శాస్త్రజ్ఞుడు తేల్చెను.

ఇంతదూరపు కథ మనకేల యందురేమో. ఈ వ్యాధి మన దక్కను పీఠభూమి మీదను ఉండెను. జొన్నరొట్టె, జొన్నగటక తప్ప వేరు తిండి కొనలేని కూలివారిలో ఎండకాలమున చేతులమీదను మెడమీదను ఇట్టి నల్లని పగుళ్లు హైదరాబాదు వైద్యులు చూచుచుండిరి. 1918లో కూనూరులో ప్రారంభమైన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో దానికే జాతీయ పోషకాహార సంస్థ అను పేరు వచ్చినది. అందలి పరిశోధకులు సి. గోపాలన్ గారును ఎస్. జి. శ్రీకంఠయ్య గారును 1960లో ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. మన దేహము ట్రిప్టోఫాన్ అను మాంసకృత్తుల అంశమునుండి కొంత నియాసిన్ స్వయముగా చేసికొనును. జొన్నలో లూసిన్ అను మరియొక అంశము మిక్కుటముగా నుండి ఆ పనికి అడ్డుపడుచున్నదని వారి వాదము. తరువాతి పరిశోధకులందరును దీనిని అంగీకరింపలేదు. కాని, ఒక్క ధాన్యమునే నమ్ముకొన్న పేదవాని దేహము తన లేమిని చర్మముమీద వ్రాసి చూపునను సంగతిలో మాత్రము వివాదము లేదు.

జొన్నను నిందించుట మా ఉద్దేశము కాదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. జొన్నయు వాటిలో చేరినదే. పీచును, ఖనిజములును గల మంచి ధాన్యము. దోషము జొన్నది కాదు, ఒంటరితనముది. జొన్నరొట్టెకు తోడు కందిపప్పు, పుంటికూర, పిడికెడు పల్లీలు, గ్లాసెడు మజ్జిగ ఉన్నచో అది సంపూర్ణాహారమునకు చేరువగును. 100 గ్రాముల పల్లీలలో సుమారు 12 మిల్లీగ్రాముల నియాసిన్ ఉన్నది. పెద్దవానికి దినమునకు కావలసినది 14 మొదలు 16 మిల్లీగ్రాములు మాత్రమే. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది మన ఇంటిముందరి పంట. ఇంత సమీపముననున్న ఔషధమును విడిచి సీసాలలోని అందమును కొనుటకు పట్నము పోవుట ఎంతటి విడ్డూరము!

నేడు మన ఊళ్లలో పెలాగ్రా అరుదు. అయినను లేమి వేరు రూపములలో కనబడుచునే యున్నది. కొందరు పిల్లల మోచేతులమీదను మోకాళ్లమీదను ముండ్లవలె గరుకైన పొక్కులుండును. వైద్యులు దీనిని కప్పచర్మమను అర్థము వచ్చు పేరుతో పిలిచెదరు. ఆకుకూరలు, నూనె, పాలు చాలని భోజనముతో దీనికి సంబంధము కలదు. ఇట్టి మోచేతిని చూచినప్పుడు 'శుభ్రముగా తోముకొనుము' అని గద్దించుటకు ముందు, 'ప్రొద్దున ఏమి తింటివి?' అని అడుగుట ఉపాధ్యాయుని ధర్మము.

ఇప్పుడు మొదటి బాలుని యొద్దకు తిరిగి వత్తము. కుష్ఠువ్యాధికి కారణమగు సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశస్థుడు హాన్సెన్ కనుగొనెను. అది పాపఫలము కాదు, వంశపారంపర్యము కాదు. మన తెలంగాణమున ఈ వ్యాధిగ్రస్తుల సేవకు పేరెన్నికగన్న స్థలము నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లి. ఇసబెల్ కెర్ అను మిషను వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ గారును 1915లో అచట ఆసుపత్రి నెలకొల్పిరి. ఆ పనికి విరాళమిచ్చి ఆదుకొన్నవారు హిందువులగు నర్సాగౌడ్ గారు. రోగి చర్మమును చూచి ముఖము త్రిప్పుకొనని ఇద్దరు విదేశీయులును, ధనమును దాచుకొనని ఒక స్వదేశీయుడును కలిసినందున వందలకొలది నిరాశ్రయులకు నీడ దొరకినది. ఆ దినములలో ఉన్న మందు చాల్‌మొగ్రా జాతి గింజల నూనె మాత్రమే. దానిని సూదులతో చర్మములోనికి ఎక్కించెడివారు. బాధ మెండు, ఫలితము కొంచెము.

నేడు ఆ స్థితి లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1981లో అనేక మందుల కలయిక చికిత్సను సిఫారసు చేసినది. మచ్చలు కొలదిగా నున్నచో ఆరు నెలలు, ఎక్కువైనచో పండ్రెండు నెలలు. చికిత్స మొదలిడిన కొలదికాలమునకే రోగినుండి ఇతరులకు వ్యాపించు భయము తీరును. నూటికి 95 మందికి ఈ క్రిమిని ఎదిరించు శక్తి సహజముగానే యున్నదని వైద్యులు చెప్పుదురు. 2005 చివరకు మన దేశమున ఈ వ్యాధి పదివేలమందికి ఒక్కరికంటె తక్కువకు దిగినది. అయినను ఏటేట సుమారు లక్షమందిలో క్రొత్తగా బయటపడుచున్నది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టమును పార్లమెంటు 2016లో రద్దుచేసినది. ఈ వ్యాధిని విడాకులకు కారణముగా చూపు నిబంధనలను 2019లో తొలగించినది. చట్టము మారినది, మందు వచ్చినది. మారవలసినది బల్లమీద జరిగి కూర్చుండు మన అలవాటు. ఆలస్యమైన కొలది నరములు చెడి, చేతివ్రేళ్లు వంగిపోవును. ఆ నష్టమును మాత్రలు తిరిగి తీర్చలేవు. దాపరికమే ఈ వ్యాధికి మిక్కిలి మేలుచేయు మిత్రుడు.

ప్రతి మచ్చయు కుష్ఠు కాదని కూడ గట్టిగా చెప్పవలెను. పిల్లల బుగ్గలమీది తెల్లని మచ్చలలో అనేకము పొడిదనమువలన వచ్చి తమంతట తామే పోవునవి. శోభి బూజువలన వచ్చును. బొల్లి అంటునది కాదు. స్పర్శ తెలియని మచ్చయే అనుమానింపదగినది. భేదము తెలిసికొనుట వైద్యుని పని. మచ్చను చూపుట మన పని.

ఇక లేపనముల సంగతి. తెల్లబడుదురని చెప్పి అమ్ముడుపోవు కొన్ని పూతలలో పాదరసము కలిసియున్నట్లు అనేక దేశములలో బయటపడినది. అది చర్మముగుండ లోనికి ఇంకి మూత్రపిండములను చెరచును. మరికొన్నిట స్టెరాయిడ్లు కలవు. ఇవి రాచిన వారమునకు ముఖము తేటబడినట్లు తోచును. నెలలు గడచిన పిదప చర్మము పలుచబడి, ఎఱ్ఱబడి, మొటిమలు రేగి, మానిన వెంటనే మంట పుట్టును. తామరకు స్టెరాయిడు కలిసిన లేపనము రాచినచో దురద తక్షణమే శాంతించును, కాని బూజు లోలోపల విజృంభించి ఒడలంతయు ప్రాకును. ఇట్టి స్టెరాయిడు లేపనములు కొన్నిటిని వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో ప్రభుత్వము శాసించినది. శాసనము కాగితముమీద నున్నది. గొట్టము చేతిలో నున్నది. 1975లో మన దేశమున విక్రయమునకు వచ్చిన సుప్రసిద్ధమైన లేపనమొకటి, తెలుపు అను అర్థము గల మాటను 2020లో తన పేరునుండి తొలగించుకొనినది. అమ్మువారే సిగ్గుపడి విడిచిన మాటను మన యింట ఆడపిల్లలయెడ మనమింకను పలుకుట తగునా? 'నల్లగా నున్నది, సంబంధము కుదురునో లేదో' అను మాట విన్న బాలిక, రొట్టెకు పల్లీలు అడుగదు; గొట్టమునకు డబ్బులడుగును. చర్మమునకు జరుగు హానికి ఇట్టి మాటయే మూలము.

అట్లని చర్మమునకు పైనుండి చేయవలసిన సేవ లేదని మేము చెప్పము. అది స్వల్పము, సులభము. చర్మము పైభాగము కొంచెము ఆమ్లగుణము కలది. మామూలు సబ్బు క్షారగుణము కలది. కావున చంకలు, గజ్జలు, పాదములు, మట్టి సోకిన చోట్లు సబ్బుతో కడిగి, మిగిలిన దేహమును నీటితో కడిగికొన్న చాలును. చలికాలమున స్నానమైన వెంటనే, తడి పూర్తిగా ఆరకమునుపే, కొబ్బరినూనె పలుచగా రాచినచో నీరు ఆవిరియగుట తగ్గును. తాండూరు నాపరాతి గనులలోను, రాళ్లు నునుపుచేయు కర్మాగారములలోను పనిచేయు తండ్రుల చేతులు తడికిని రాపిడికిని పగులును. వారికి ఈ ఉపాయము మరింత అవసరము. ప్రత్తిచేలకు మందు చల్లువారు పొడుగుచేతుల చొక్కా తొడిగి, పని ముగియగానే సబ్బుతో స్నానముచేసి, ఆ బట్టలను వేరుగా ఉదుకవలెను; ఏలయన విషము నోటిగుండనే గాక చర్మముగుండ కూడ లోనికి పోవును. రాత్రులందు వ్రేళ్ల సందులలో దురద యెక్కువైనచో అది గజ్జి యని అనుమానించి, వైద్యుడిచ్చిన మందును ఇంటిల్లిపాదియు ఒకే దినమున రాచికొనవలెను. ఒక్కరే రాచికొన్నచో పురుగు ప్రక్కవారినుండి మరల వచ్చును. మన చర్మారోగ్యము మన ఒక్కరి సొత్తు కాదనుటకు గజ్జి మంచి గురువు.

ఇదంతయు వైద్యుల పని, పాఠశాల పని చదువు చెప్పుట యని కొందరు అనవచ్చును. కాని వైద్యుడు చూచునది తన యొద్దకు వచ్చినవారిని మాత్రమే. బాలుని చేతిని సంవత్సరమునకు రెండువందల దినములు చూచునది ఉపాధ్యాయుడు. ప్రతిదినమును చూచునది తల్లి. వారు చూచియు చూడనట్లుండినచో వైద్యుడేమి చేయగలడు? పిల్లల మచ్చలను పరీక్షించుట వారిని అవమానించుటయగునని మరికొందరు సంకోచింతురు. ఈ సంకోచము గౌరవింపదగినదే. అందుచేతనే పరీక్ష ఎవరిదో ఒకరిది గాక అందరిదియు కావలెను. తరగతి యెదుట గాక చాటున జరుగవలెను. బాలికలను స్త్రీలే చూడవలెను.

కావున మేము మూడు సంగతులు కోరుచున్నాము. ఒకటి: సంవత్సరారంభమున ప్రతి విద్యార్థికి చర్మపరీక్ష జరుగవలెను. ప్రభుత్వపు కుష్ఠు నివారణ ప్రచారము జనవరి 30 గాంధీమహాత్ముని వర్ధంతినాడు జరుగుచున్నది గనుక, ఆనాడు మరల ఒకసారి ప్రతి తరగతిలోను ఈ విషయము బోధింపవలెను. రెండు: రంగునుబట్టియు మచ్చనుబట్టియు ఒకరినొకరు పిలుచు పరిహాసపు పేర్లను, దొంగతనమునువలె, తప్పుగా ఎంచవలెను, ఈ నియమము ఉపాధ్యాయులకును వర్తింపవలెను. మూడు: లేపనములకు వెచ్చించు సొమ్ములో కొంత తగ్గించి, పిల్లల డబ్బాలలో పప్పు, ఆకుకూర, పల్లీబెల్లము చేర్చుడని తల్లిదండ్రులను ప్రార్థించుచున్నాము.

విద్యార్థులారా! మీ ప్రక్కవాని చేతిమీద మచ్చ కనబడినచో దూరముగా జరుగకుడు. 'తాకినచో తెలియుచున్నదా?' అని అడుగుడు. తెలియదనినచో అతనితో కూడ మాయొద్దకు రండు. ఆ బాలునికి నాలుగు నెలలు ముందుగా మనలో ఎవరైన ఈ ప్రశ్న వేసియున్నచో, అతడు నాలుగు నెలలు ఒంటరిగా కూర్చుండెడివాడు కాడు.